దోసిట నిలిచిన చేపపిల్ల

శ్రీమన్నారాయణునకు నీటితోడి సంబంధము ఆయన నామములోనే యున్నది. నారములనగా జలములు, అవి నివాసముగా గలవాడు నారాయణుడు. ఈ వ్యుత్పత్తిని మనుస్మృతి మొదటి అధ్యాయముననే చెప్పినది. విష్ణుపురాణము దానినే అనుసరించినది. క్షీరసాగరమున శేషతల్పము, పాదమున పుట్టిన గంగ, సముద్రుని కూతురైన లక్ష్మి, హస్తమున నీటిలో పుట్టిన శంఖము - ఇట్లు స్వామి పరివారమంతయు నీటితో చుట్టరికము గలదియే. అవతారములలో మొదటిది చేప, రెండవది తాబేలు, మూడవది నీట మునిగిన భూమిని పైకెత్తిన వరాహము. నిత్యము దశావతారములను స్మరించు ఇండ్లలో ఈ వరుస పసిబిడ్డలకు సైతము కంఠస్థము. అయినను ఆ మొదటి అవతారము ఏ విధముగా ఆరంభమైనదో నిదానించి యోచించువారు తక్కువ.

శ్రీమద్భాగవతము అష్టమ స్కంధపు చివరి అధ్యాయమున ఆ కథ యున్నది. ద్రవిడదేశమును పాలించిన సత్యవ్రతుడను రాజర్షి నీటినే ఆహారముగా గొని తపస్సు చేయుచుండెను. ఒకనాడు కృతమాలా నదిలో నిలిచి తర్పణము విడుచుచుండగా దోసిటి నీటిలో ఒక చిన్న చేపపిల్ల కానవచ్చెను. రాజు దానిని నీటితోబాటు మరల నదిలోనే విడిచెను. అందు తప్పేమియు కానరాదు. చేపకు తావు నదియే గదా. కాని ఆ చేపపిల్ల దీనముగా, తమ జాతివారినే మ్రింగు జలచరములున్న ఈ నీటిలో తన్ను విడువవలదని వేడుకొనెను. సత్యవ్రతుడు జాలిగొని దానిని కలశములోని నీటియందుంచి ఆశ్రమమునకు గొనిపోయెను. ఒక్క రాత్రిలో కలశము దానికి చాలకపోయెను. పెద్ద నీటిబానలోనికి మార్చెను, అదియు చాలదాయెను. చెరువులోనికి మార్చెను, చెరువు నిండ పెరిగెను. ఎచ్చట నుంచినను సుఖముగా మసలుటకు చోటు లేదనియే ఆ చేప పలికెను. రాజు విసుగుకొనలేదు. ప్రతిమారును అంతకంటె పెద్ద నీటిని వెదకెను.

ప్రపత్తిని గూర్చి శ్రీవైష్ణవ పెద్దలు బహుగ్రంథములు రచించిరి. జీవుడు శరణు వేడుట, శరణ్యుడు కాపాడుట అందలి క్రమము. ఈ కథలో ఆ క్రమము తలక్రిందులైనది. శరణ్యుడే శరణాగతుడై మనుష్యుని దోసిట నిలిచెను. వేడుకొన్నది పూజ కాదు, పూలు కాదు, నైవేద్యము కాదు. బ్రదుకుటకు చాలినంత నీరు. వచ్చినవాడు వైకుంఠనాథుడని ఆ సమయమున రాజునకు తెలియదు. తెలియకయే చేసినందువలన ఆ దయ మరింత విలువైనదని చెప్పవలెను. తెలిసి చేసియుండినచో అది కేవలము రాజభక్తి వంటిదై యుండెడిది.

ఆ చేపకు తగిన పాత్రను ఈ తెలుగునేలపై వెదకువారు దూరము పోనక్కరలేదు. నల్లమల కొండలవరుసను పెద్దలు ఆదిశేషుని శరీరముగా భావించిరి. పడగలు తిరుమల, నడుము అహోబిలము, తోక శ్రీశైలము. గుంటూరు వైపునుండి అహోబిల యాత్రకు రైలులో బయలుదేరిన భక్తులు మార్కాపురమున శ్రీలక్ష్మీచెన్నకేశవస్వామిని సేవించి, కంభము, గిద్దలూరు మీదుగా నంద్యాల వైపు కొండదారి పట్టుదురు. శేషుని దేహమునకు తూర్పుప్రక్కన, రెండు కొండల నడుమ, గుండ్లకమ్మ యేటికి అడ్డముగా కట్టిన కంభము చెరువు ఆ దారిలోనిదే. శేషుని చెంతనే నీరు! శయనించుటకు స్వామి వేరొక చోటు కోరనక్కరలేదేమో యనిపించును.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టిన యేరు. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే పారునది. కొండలపై వాన కురిసిన నాడు మాత్రము ఒడ్డులు ఒరయుచు వచ్చునది. అట్టి యేటిని పట్టి నిలుపుట సామాన్యమైన పని కాదు. కొండలు దగ్గరకు వచ్చి వాకిలివలె నిలిచిన చోటు చూచి, ఆ వాకిలికి తలుపు వేసినట్లు కట్ట పోసిరి. కట్ట యెత్తు 57 అడుగులు. దానికి నీరు సమకూర్చు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్లనియు, దాని క్రింద ఇంచుమించు 10,300 ఎకరములు సాగగుననియు ఆంగ్ల ప్రభుత్వ కాలపు గెజిటీరులు వ్రాసినవి. నిండిననాడు ఏడు కిలోమీటర్ల పొడవున కొండల పాదములను తాకుచు నిలుచును. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో ఒకటిగా గుర్తించిరి.

దీనిని కట్టించినది విజయనగర రాణి వరదరాజమ్మ యని ఆ ప్రాంతపు ప్రజలు పరంపరగా చెప్పుకొనుచున్నారు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల దేవి యని ప్రతీతి. కట్టి ఇంచుమించు ఐదువందల యేండ్లు. రాజ్యములు పోయినవి, రాజధాని శిథిలమైనది. కట్ట మాత్రము నిలిచియున్నది. సప్తసంతానములలో తటాకమును చేర్చిన మన పెద్దల మాట ఇట్టిచోట అర్థమగును. కన్నబిడ్డ నాలుగు తరముల వరకు పేరు నిలుపునేమో. ఈ బిడ్డ ఇరువది తరములకు అన్నము పెట్టినది.

ఆమె పేరును గూర్చి ఒక్క మాట చెప్పుట అసందర్భము కాదు. వరదరాజు కాంచీపుర స్వామి. అచ్చటి ఆలయమున అనంతసరస్సను కోనేటి యడుగున అత్తివరదరాజస్వామి దారుమూర్తి శయనించియుండును. 40 ఏండ్ల కొకమారు మాత్రమే స్వామిని వెలికి తీసి దర్శనమిప్పింతురు. 1979లో ఒకమారు, 2019లో ఒకమారు ఆ భాగ్యము లోకమునకు లభించినది. 2019లో 48 దినములు దర్శనమిచ్చి స్వామి మరల నీటిలోనికి చేరెను. కాంచీపురముననే తిరువెక్కా సన్నిధి కొలనులో, తామరపూవున అవతరించిన ఆళ్వారునకు పొయ్‌గై ఆళ్వారని పేరు. పొయ్‌గై యనగా కొలనే. ఆళ్వారులలో మొదటివారి పేరే చెరువు పేరగుట శ్రీవైష్ణవులు మరువరాని విషయము. చెరువు త్రవ్వించిన తల్లికి వరదరాజు పేరుండుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను వినుటకు ఎంత ఇంపుగా నున్నది!

ఈ చెరువు కేవలము వరి పండించుటకే యనుకొనరాదు. కంభమునకు తూర్పున పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు కలవు. అవి నాడు నెల్లూరు జిల్లాలోనివి. 1937లో వైద్యులు అచ్చటి పల్లెలలో ఒక వ్యాధిని గుర్తించి లోకమునకు తెలిపిరి. పండ్లపై గారలు, వంగని వెన్నెముక, బిగిసిన కీళ్లు. నడివయస్సు రాకముందే కర్ర పట్టి నడచు మనుష్యులు. కారణము బావినీటిలోని ఫ్లోరైడు. మన దేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగా గుర్తించిన మొదటి ప్రదేశములలో అది యొకటి. రాతిపొరల నడుమ చిరకాలము నిలిచిన నీరు ఆ రాతిలోని విషమును తనలో కలుపుకొనును. వాననీరు చెరువులో నిలిచి, నేలలోనికి మెల్లమెల్లగా ఇంకి, చుట్టుప్రక్కల బావులలోనికి చేరిన చోట ఆ విషము పలుచనగును. చెరువు ఎండిన కొలది జనులు బోరులను ఇంకను లోతునకు దించుదురు. లోతు పెరిగిన కొలది నీటిలో దోషము పెరుగుటకు అవకాశము హెచ్చును. కావున పడమటి ప్రకాశము పల్లెలలో చెరువు నిండుట యనగా గాదె నిండుట మాత్రమే కాదు; పసిబిడ్డ యెముక తిన్నగా పెరుగుట.

చెరువును కట్టుట ఒక యెత్తు, కాపాడుట మరియొక యెత్తు. గిద్దలూరునకు దక్షిణముగా, కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరిని పాలించుచు అచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలివారు, నూరు బండ్లు, రెండేండ్ల పని. ఆ శాసనము దానమును చెప్పి ఊరకుండలేదు. మంచి చెరువునకు పండ్రెండు సాధనములుండవలెనని లెక్కించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తియ్యని నీటి యేరు, ఇరుప్రక్కల కొండ, వాని నడుమ రాతితో బిగించిన పొట్టి కట్ట, లోతైన విశాల గర్భము, నిడుపాటి రాళ్ల గని, పల్లమున ఫలవంతమైన పొలము - ఇట్లు చెప్పుచు పోయి చివరగా పని నేర్చిన కూలివారిని చెప్పినది. రాజుతో ఆరంభించి కూలివానితో ముగించుటలో గొప్ప వివేకమున్నది. కంభము చెరువును చూచి ఈ పట్టికను వ్రాసిరా యనిపించునుగాని, పోరుమామిళ్ల శాసనమే ముందటిది.

అదే శాసనము ఆరు దోషములను గూడ చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, చెరువు నడుమ మెట్ట లేచియుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల తక్కువగుట. ఏడువందల యేండ్లకు దగ్గరగుచున్న ఈ పట్టికను నేటి ఇంజనీరులు సైతము కాదనజాలరు. రెండు రాజ్యముల పొలిమేర యనుటలో తమాషా యేమియు లేదు. ఇద్దరిదైన చెరువునకు ఎవ్వడును తట్టెడు మట్టి వేయడు. అందరిదైన చెరువునకును నేడు అదే గతి పట్టుచున్నది.

పూర్వులు ఈ సంగతి ముందే యెరిగి దశబంధ ఇనాములను ఏర్పరచిరి. చెరువును కట్టినవారికి, మరమ్మతు చేయువారికి ఆయకట్టులో కొంత భూమియో, పంటలో కొంత భాగమో శాశ్వతముగా ముట్టునట్లు వ్రాసి, రాతిపై చెక్కించిరి. తూము తెరచి, పొలమునకు వంతు ప్రకారము నీరు వదలు నీరుగంటికి కళ్లమున మేర యుండెను. వేసవిలో ఊరంతయు కూడి పూడిక తీయుటకు కుడిమరామతని పేరు. వానకు కొట్టుకొని వచ్చిన ఆ వండ్రు పొలమునకు బలమైన ఎరువు, తీసినవానికే లాభము. ఈ కట్టుబాటులు సడలినప్పటినుండి చెరువుల కష్టములు మొదలైనవి. 2015లో తెలంగాణమున కాకతీయుల పేరిట చెరువుల పూడికతీత పెద్దయెత్తున చేపట్టిరి. ఆంధ్రదేశమునను నీరు-చెట్టు కార్యక్రమము అదే కాలమున సాగినది. ప్రభుత్వము పూనుకొనుట మంచిదే. అయితే ప్రభుత్వము మట్టి తీయగలదుగాని, తీసిన గుంట ప్రక్కన కావలి కూర్చుండజాలదు.

ఆలయములకును చెరువులకును గల సంబంధము నేటి యాత్రికులలో చాలమందికి తెలియదు. విజయనగర కాలమునాటి తిరుమల తిరుపతి శాసనములను పరిశీలించినచో ఒక ముచ్చటయైన పద్ధతి కనిపించును. భక్తుడొకడు స్వామివారి నైవేద్యమునకై ద్రవ్యము సమర్పించును. ఆ ద్రవ్యమును పెట్టెలో దాచెడివారు కారు. దేవస్థానపు గ్రామములలో చెరువు త్రవ్వించుటకో, కాలువ తీయించుటకో వినియోగించెడివారు. నీరు వచ్చిన పొలమున అదనముగా పండిన ధాన్యముతో భక్తుడు కోరిన నైవేద్యము ఏటేట జరిగెడిది. ఆ విధముగా హుండీలోని సొమ్ము ముందు నీరై, పిమ్మట పైరై, ఆ పిమ్మట ప్రసాదమై భక్తుని చేతికి వచ్చెడిది. స్వామికిచ్చినది స్వామికే చెందెను. నడుమ రైతు బ్రదికెను, చెరువు నిండెను, అందలి చేపలును బ్రదికెను. ఇంతకంటె చక్కని కైంకర్యము మరియొకటి యుండునా?

ఇంతవరకు నీటిమాట. నీటిలోని ప్రాణుల మాట వచ్చునప్పటికి మన ఇండ్లలో ఒక చిక్కు కలదు. శాకాహార నియమము గల గృహస్థుడు, చేపల సంగతి తనకేల, అది వలవాని పాపమని తలంచును. తాను చేప తినడు గనుక చేపకు తనవలన హాని లేదని నమ్ముకొనును. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు భాగవతము దశమ స్కంధములోని సౌభరి వృత్తాంతము చదువవలెను. కాళియమర్దనము అందరకు తెలిసినదే. దానికి ముందు జరిగిన ఈ కథ అంతగా ప్రచారములో లేదు.

యమునలోని ఒక మడుగు చెంత సౌభరి మహర్షి తపస్సు చేయుచుండెను. ఒకనాడు గరుత్మంతుడు ఆకలిగొని వచ్చి, మహర్షి వలదన్నను వినక, ఆ మడుగులోని చేపల పెద్దను పట్టి తినెను. మిగిలిన చేపలు పెద్దదిక్కు కోల్పోయి అల్లాడుచుండగా చూచి సౌభరి మనస్సు కరిగెను. ఇకపై గరుడుడు ఈ మడుగున ప్రవేశించి చేపలను తినినచో తత్‌క్షణము ప్రాణములు కోల్పోవునుగాక యని శపించెను. శపింపబడినవాడెవడు? సాక్షాత్తు శ్రీమహావిష్ణువునకు వాహనము, పెరియ తిరువడి. అయినను చేపల విషయమున ఆయనకు మినహాయింపు దొరకలేదు. స్వామికి దగ్గరివాడనైతిని గనుక నీటిపట్ల నాకు నియమము లేదని యెవ్వడైన తలంచినచో ఈ ఘట్టము చదివి తల దించుకొనవలెను.

కథ ఇంతటితో ముగియలేదు. గరుడుడు రాలేని మడుగొకటి కలదని కాళియుడు తెలిసికొనెను. గరుడభయముచే పారిపోయి వచ్చి అందే కాపురముండెను. చేపలను కాపాడుటకై ఏర్పడిన ఆ చోటునే వాని విషము నింపెను. నీరు కాగెను, ఒడ్డున చెట్లు మాడెను, పైన ఎగిరిన పక్షులు రాలిపడెను, దప్పికగొని త్రాగిన గోవులు, గోపబాలురు ప్రాణములు విడిచిరి. వారిని కృష్ణుడు చూపుతోనే బ్రదికించెను. సౌభరి పట్టువానిని ఆపెను, కలుషపరచువానిని ఆపలేకపోయెను. ఆయన దయలో లోపము లేదు. కాని ఆయన కాపుదల ఒక్కవైపునే చూచినది. వలను నిషేధించి విషమును వదలినచో మడుగు మడుగుగా మిగులదని వ్యాసభగవానుడు మనకు చెప్పియే యుంచెను.

కృష్ణుడేమి చేసెను? కాళియుని చంపలేదు. కుటుంబముతో సముద్రమునకు పొమ్మనెను. ఈ నదిని గోవులు, మనుష్యులు అనుభవింపవలెనని కారణము గూడ చెప్పెను. ఫణములపై నాట్యమును కొనియాడు కవులు ఈ కారణమును కొంత తక్కువగా తలచుకొందురు. ఆ నాట్యమంతయు త్రాగునీటి కొరకే గదా!

ఇప్పుడు గృహస్థుని సంగతి. అతడు వల వేయడు. కాని పండుగ మరునాడు వాడిన పూలదండలను ప్లాస్టిక్ సంచితో సహా చెరువులోనికి విసరును. పుణ్యస్నానము చేసి విడిచిన బట్టను నీటిలోనే వదలును. కోనేట సబ్బు రుద్దుకొనును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసి, సీసము గల రంగులు పూసిన విగ్రహమును భక్తితో నిమజ్జనము చేయును. ఆ మూర్తి కరగదు. రంగు మాత్రము కరగును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2020లో సవరించిన నిమజ్జన నియమములలో అట్టి విగ్రహములు వలదని స్పష్టముగా చెప్పిరి. ధర్మశాస్త్రమును అంతకు చాల ముందే చెప్పినది: నీటిలో మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు, అపవిత్ర వస్తువులను పడవేయరాదని మనువు స్నాతకునకు విధించెను. ఊరి మురుగు, పొలమునుండి కారిన రసాయనపుటెరువు చెరువున చేరినచో పాచి విపరీతముగా పెరుగును. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుకొని ఆయాసపడును. పొద్దెక్కునప్పటికి వెల్లకిలపడి తేలును. వానిని చంపినవాడు వలవాడు కాడు.

వలవానిని నిందించుటకు వైష్ణవునకు వేరొక విధముగను అధికారము చాలదు. శృంగిబేరపురమున రాముని గంగ దాటించిన గుహుడు నిషాదరాజు. ఆయనను రాముడు కౌగిలించుకొనెను. వేదములను విభజించిన వ్యాసుని కన్నతల్లి దాశరాజు ఇంట పెరిగిన సత్యవతి. చెరువులోని చేపను అందరికంటె బాగుగ ఎరిగినవాడు బెస్తవాడే. బొచ్చె, రాగండి వంటి చేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవని, పారునీరు కావలెనని, అందుకే చెరువులో పిల్లలను తెచ్చి విడువవలసి వచ్చునని ఆతడు చెప్పును. తొలకరి నీరు వచ్చినప్పుడు యేటికి ఎదురీదు చేప గ్రుడ్లతో నున్నదని ఆతనికి తెలియును. కొరమీను సంగతి మరింత ముచ్చట. ఎర్రని చిన్నచిన్న పిల్లలు గుంపుగా నీటిపై మసలుచుండగా, క్రింద పెద్దచేప కావలి తిరుగుచుండును. ఆ కావలిచేపను పట్టినచో గుంపంతయు అనాథయై ఇతర చేపలకు ఆహారమగును. సౌభరి చూచి కరిగినది ఇట్టి దృశ్యమునే కాదా? దోమతెర వంటి సన్నకన్ను వల వేసి, పిల్లలను గూడ ఊడ్చుకొనిపోవుట వృత్తిధర్మము కాదని మొదట చెప్పువాడు ముదుసలి బెస్తవాడే. ఆతని మాట చెల్లుబడి కావలెనన్న, ఊరు ఆతని ప్రక్కన నిలువవలెను. దూరమున నిలిచి ముక్కు మూసికొనిన ప్రయోజనము లేదు.

ధర్మబోధ వలలను కూడ కోయించగలదనుటకు గుజరాతు తీరమున జరిగిన సంగతి నిదర్శనము. అచ్చట తిమింగలమంత పెద్ద సొరచేపను నూనె కొరకు, మాంసము కొరకు విరివిగా వేటాడెడివారు. 2001లో ప్రభుత్వము దానిని రక్షిత జంతువుగా ప్రకటించెను. చట్టముతోనే మనస్సులు మారవు. 2004 ప్రాంతమున రామకథా ప్రవచనకారులు మొరారి బాపూ ఆ చేపను పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడబిడ్డగా భావింపుడని బెస్తలకు బోధించిరి. పుట్టింటికి వచ్చిన బిడ్డను ఎవ్వరు చంపుదురు? నాటినుండి వలలో పడిన ఆ చేపలను వలలు కోసి విడుచుట ఆచారమైనది. కోసిన వలకు ప్రభుత్వము పరిహారమిచ్చుచున్నది. వందలకొలది చేపలు ఆ విధముగా సముద్రమునకు తిరిగి చేరినవి. బోధ, పరిహారము రెండును కలిసినందుననే ఆ పని నిలిచినది. పేదవానికి పుణ్యము మాత్రమే చూపి, నష్టమును వానికే వదలుట బోధకునకు తగదు.

ధనుర్మాసమున ప్రతి వైష్ణవాలయమునను వినిపించు తిరుప్పావైలో మూడవ పాశురమును ఇచ్చట స్మరింపవలెను. లోకములను కొలిచిన ఉత్తముని పేరు పాడి నోము నోచినచో దేశమున నెలకు మూడు వానలు కురియునని ఆండాళ్ తల్లి చెప్పినది. ఆ సమృద్ధిని వర్ణించుచు ఆమె మొదట చూపినది బంగారము కాదు. ఏపుగా పెరిగిన ఎర్రవరి పైరు, దాని నడుమ ఎగిరిపడు చేపలు. ఆ తరువాతనే కలువలలో నిదురించు తుమ్మెదలు, కడవలు నిండించు గోవులు. పూలమాలలల్లిన విష్ణుచిత్తుని ఇంట పెరిగిన ఆ తల్లి దృష్టిలో సుభిక్షమనగా మనుష్యుని కంచము మాత్రమే కాదు. పొలములో నీరున్నది, నీటిలో చేపయున్నది, చేప భయములేక ఎగురుచున్నది. మార్గశిరపు వేకువ చలిలో ఈ పాశురమును అనుసంధించి ప్రసాదము స్వీకరించిన భక్తులు, తమ ఊరిచెరువు పొలములలో చేపపిల్ల ఎగిరి ఎన్నాళ్లయినదో ఒక్కమారు తలచుకొనవలెను.

కంభము చెరువు ప్రతియేట నిండదు. కొండలపై వాన కరవైననాడు గర్భము బయటపడును. అట్టి యేడులే దానికి పరీక్ష. నీరు వెనుకకు పోయిన నేలను తాత్కాలికముగా దున్నుకొన్నవాడు, మరుసటి యేడు గట్టు వేసికొనును; ఆ మరుసటి యేడు అది తన పొలమనును. చెరువులు, చెట్లు, భూగర్భజలముల రక్షణకై ఆంధ్రప్రదేశమున 2002లో చేసిన వాల్టా చట్టము కలదు. కాని గట్టు వేసినవాడు ఊరివాడు, చూచి ఊరకున్నవారును ఊరివారే. పైనున్న కొండలలో చెట్లు నరికినచో, వానతో మన్ను జారి వచ్చి చెరువు గర్భమును మెట్ట చేయును. పోరుమామిళ్ల శాసనము చెప్పిన నాలుగవ దోషమును ఈ విధముగా మనమే చేతులార తెచ్చుకొనుచున్నాము. వేసవిలో ఆలయములవారు, ఆయకట్టు రైతులు, బెస్తలు కలిసి తూము ముంగిట పూడిక తీసి, సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించి, కాలువల వెంట ముండ్లకంపలు తొలగించుకొన్నచో, అది తెప్పోత్సవమునకు ముందు జరుగవలసిన ఉత్సవమని చెప్పవచ్చును. నీరు లేక తెప్పయెక్కడ? చక్రస్నానమునాడు సుదర్శనుని ముంచుటకు ట్యాంకరు నీటిని తెప్పించుకొనవలసిన స్థితి ఏ క్షేత్రమునకును రాకుండుగాక.

అలుగు దాటిన గుండ్లకమ్మ మార్కాపురపు సీమను, మల్లవరము వద్ద 2008లో వాడుకలోనికి వచ్చిన జలాశయమును దాటి, ఒంగోలు సమీప తీరమున బంగాళాఖాతములో కలియును. చెరువులో వేసిన ప్లాస్టిక్ సంచి వరదతో బయలుదేరి చేరు చోటును అదియే. సత్యవ్రతుని కథలో ఇట్టి ఘట్టమే చివరగా వచ్చును. చెరువులు చాలక, రాజు ఆ చేపను సముద్రములో విడువబోయెను. అంతటి నీటిలో ఇక దానికి కొరతయేమి? అప్పుడు సైతము ఆ చేప, ఇచ్చట బలమైన మొసళ్లు తన్ను తినివేయుననియు, ఇచ్చట విడువవలదనియు పలికెను. ఆ మాటతోనే రాజునకు ఇది సామాన్యమైన చేప కాదని తెలిసెను.

ఆంధ్రతీరమున శీతకాలము చివర ఇసుకపైకి పాకివచ్చి గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేళ్లు కలవు. ఆలివ్ రిడ్లీ యని వాని పేరు. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మములో కూర్మనాథుని సేవించి, ఆలయమున పెంచు నక్షత్రపు తాబేళ్లకు ఆకు పెట్టి వచ్చు యాత్రికులకు ఇవి కొత్తవి కావు. అవి నేలపైవి, ఇవి కడలిలోనివి. సముద్రములో నుండినను ఈ తాబేలు గాలి పీల్చుటకు పైకి రావలసినదే. మరపడవల వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చి, ఒడ్డునకు కొట్టుకొనివచ్చు తాబేళ్లను తీరవాసులు ఏటేట చూచుచున్నారు. అటవీశాఖవారు, స్వచ్ఛంద సేవకులు రాత్రివేళ తీరమున నడచి, కుక్కలు, నక్కలు త్రవ్వకముందే గ్రుడ్లను ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతిపెట్టుచున్నారు. ఇంచుమించు ఏబది దినములకు పిల్లలు ఇసుక చీల్చుకొని వెలువడును. వెలుతురున్న దిక్కే సముద్రమని వాని నమ్మకము. ఒడ్డున దీపములు ఎక్కువైన చోట అవి ఊరివైపు పాకి చచ్చును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టుకొనుటకు ప్రభుత్వము ఇచ్చిన గడువది.

ఆ పిల్లలను చేతిలో పెట్టుకొనక, తడియిసుకపై విడిచి, అలవైపు వానంతట వానినే నడువనిత్తురు. పట్టుకొని నీటిలో వేయుట సులభమే. అయినను తడియిసుకపై ఆ నాలుగు బారల దూరము స్వయముగా నడువవలెనని అనుభవజ్ఞులందురు. విడిచినవారు దీపములార్పి, అల వచ్చి అందుకొనువరకు ఒడ్డున మెదలక నిలిచియుందురు.